ఉగాదికే చలికాలం కట్టెలు

మన సంఘంలో కట్టెల స్టవ్ ఉన్న ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి కట్టెల సంగతి గుర్తొచ్చేది దీపావళి దాటి, పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకాల్సి వచ్చినప్పుడే. అప్పుడు ఫోన్ చేస్తే లారీలో వచ్చి పడే కట్టె చాలావరకు ఆ చలికాలానికి పనికిరాదు. అమెరికా ఈశాన్య మూలనున్న ఈ న్యూ ఇంగ్లండ్‌లో కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకోవాలంటే ఉగాది నాటికే అవి పెరట్లో పేర్చి ఉండాలి. ఓక్ చెట్టు కట్టె అయితే అంతకు ముందు ఏడాది ఉగాదికే.

అప్పుడే కొట్టిన ఓక్ బరువులో దాదాపు సగం నీళ్ళే. కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్ళ వేడి కావాలి. పచ్చి కట్టె పొయ్యిలో పెడితే ఆ వేడంతా ముందు ఆ నీళ్ళకే ఖర్చవుతుంది, గదికి మిగిలేది తక్కువ. అంతకన్నా పెద్ద ప్రమాదం పైన చిమ్నీలో ఉంది. మంట చల్లబడితే పొగ సరిగా కాలదు. ఆ పొగ చిమ్నీ లోపలి గోడలకి క్రియోసోట్ అనే నల్లటి జిగురుగా పేరుకుంటుంది. ఒక రోజు అదే అంటుకుంటుంది. చిమ్నీలో మంట లేస్తే వేడి 2,000 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోవచ్చు. ఆ వేడికి లోపలి గొట్టం పగిలితే మంట ఇంటి చెక్కకి పాకుతుంది. అందుకే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలంటారు, చిమ్నీని ఏటా ఒకసారి చూపించాలంటారు. ఈ రెండిట్లో ఏదీ వాయిదా వేసే పని కాదు.

'ఎండినవే' అని అమ్మేవాళ్ళ మాటను నమ్మి ఊరుకోకూడదు. పోయిన శరదృతువులో మా పక్కవీధి మిత్రుడు అలాగే ఒక కార్డ్ (ఇక్కడ కట్టెలు అమ్మే కొలత) కట్టెలు తెప్పించాడు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉన్న వాళ్ళ నాన్నగారు ఒక పేడు చేతిలోకి తీసుకుని, రెండోదానితో తట్టి చూసి, "ఎండిందని ఎవరు చెప్పార్రా? చేతికి బరువు తెలియట్లా?" అన్నారు. ఎండిన పేళ్ళు తట్టుకుంటే ఖణేల్‌మంటాయి. ఇవి దబ్బుమన్నాయి. తేమ కొలిచే మీటరు ముళ్ళు పైన గుచ్చితే 19 శాతం చూపించింది. అదే పేడుని గొడ్డలితో మధ్యకి చీల్చి, కొత్తగా తెరుచుకున్న లోపలి వైపు గుచ్చితే 33. పొయ్యిలో పెట్టాక కట్టె చివర సుయ్యిమంటూ నురగ వచ్చింది. మీటరుతో కొలిచేటప్పుడు ఎప్పుడూ చీల్చి, లోపలే కొలవాలి. పైపైన చూస్తే రెండు ఎండలకే అన్ని కట్టెలూ ఎండినట్టే కనిపిస్తాయి.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. కట్టెల పొయ్యి ఉన్న ఊళ్ళల్లో తొలకరికి ముందే అడితి నుంచి కట్టెలు తెచ్చి, వసారాలో చూరు కింద పేర్చేవాళ్ళు. ఇక్కడ వానాకాలం బదులు చలికాలం, అంతే తేడా. అమ్మానాన్నలు వేసవిలో వచ్చినప్పుడు పెరట్లోకి తీసుకెళ్ళి అడగండి, బోలెడు చెబుతారు.

దుంగని దుంగగా ఉంచితే ఏళ్ళు గడిచినా ఎండదు, బెరడు నీటిని పట్టి ఉంచుతుంది. పదహారంగుళాల పొడవున కోసి, మూడు నుంచి ఆరంగుళాల మందాన చీల్చాలి. నేలకి తగలకుండా కింద ప్యాలెట్లు వేసి, ఎండా గాలీ తగిలే చోట ఒకే వరసగా పేర్చాలి. పైన మాత్రమే కప్పాలి. నీలం టార్పాలిన్‌తో చుట్టూ బిగించి కట్టేసినవి చాలా పెరళ్ళలో చూస్తున్నాను. అలా చేస్తే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. ఇంటి గోడకి ఆనించి పేరిస్తే చెదలకీ చీమలకీ ఇంట్లోకి దారి చూపించినట్టే. పైన్ ఒక వేసవిలో ఎండిపోతుంది, బర్చ్, యాష్, మేపుల్‌లకి ఏడాది దాకా, ఓక్‌కి రెండేళ్ళ దాకా పడుతుంది. చివర్లు నెర్రెలు విచ్చి, బెరడు ఊడివస్తుంటే దారిలో పడ్డట్టు.

కొనేటప్పుడు కొలత కూడా చూసుకోండి. కార్డ్ అంటే నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. పదహారంగుళాల కట్టెలతో ఒక్క వరస పేర్చిన ఫేస్ కార్డ్ అందులో మూడోవంతే.

"గ్యాస్ ఉండగా ఇంత తంటా ఎందుకు" అని అడిగేవాళ్ళకి 2008 డిసెంబరు గుర్తు చేస్తాను. మంచువానకి ఈ ప్రాంతంలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్నిచోట్ల రెండు వారాల దాకా రాలేదు. కరెంటు లేకపోతే గ్యాస్ ఫర్నేస్ ఫ్యాన్ కూడా తిరగదు. అలాంటప్పుడు ఎండు కట్టెలున్న స్టవ్ ఇంటిని కాపాడుతుంది. తలుపు లేని పాత ఫైర్‌ప్లేస్ మీద ఆ ఆశ పెట్టుకోవద్దు. అది ఇంట్లో ఉన్న వెచ్చటి గాలిని కూడా పైకి లాగేస్తుంది.

భోగికి పాత సామాన్లు మంటలో వేసే అలవాటు మనది. ఆ చేత్తోనే రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) పలకలు స్టవ్‌లో పెట్టకండి. 2004కి ముందు కట్టిన డెక్‌ల చెక్కలో చాలావరకు ఆర్సెనిక్ ఉంటుంది, దాని పొగా బూడిదా రెండూ విషమే.

కట్టెలు దగ్గరలోనే కొనాలి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే, యాష్ చెట్లని చంపే పురుగు 2012కి మసాచుసెట్స్‌కి, 2013కి న్యూ హాంప్‌షైర్‌కి చేరింది. అది అంత దూరం పాకడానికి ఒక ముఖ్య కారణం, మనుషులు కార్లలో వేసుకుని తిప్పిన కట్టెలే.

కమిటీవారికి నా విన్నపం ఒకటే. ఉగాది కార్యక్రమంలో ఒక బల్ల ఈ పనికి కేటాయించండి. సంఘం తరఫున రెండు తేమ మీటర్లు కొని సభ్యులకి అరువిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే ఊళ్ళో ఉన్న నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి మార్చిలోనే కట్టెలు తెప్పించుకోవచ్చు, చీల్చి పేర్చడానికి ఒకరికొకరు సాయం పట్టుకోవచ్చు. ఈ ఏడాదే ఇల్లు కొని, చేతిలో ఎండు కట్టె లేనివాళ్ళు మొదటి చలికాలానికి బట్టీలో ఎండబెట్టినవి గానీ, రంపపు పొట్టుతో అచ్చు వేసిన దిమ్మలు గానీ కొనండి. ధర ఎక్కువే. పచ్చి కట్టెలు మాత్రం పై ఏటికి పేర్చి ఉంచండి.