రెండు మీటర్లు తగ్గిస్తే చూపు వచ్చేస్తుంది

తెలంగాణలో కంటి పరీక్షల పథకం 'కంటి వెలుగు' 2018లో ఒకసారి, 2023లో మరోసారి ఊరూరా తిరిగి వెళ్లింది. అది సర్కారు పని. ఇప్పుడు దేవరకొండ, అచ్చంపేట వైపు ఆదివారం కంటి శిబిరం పెట్టదలచిన పుణ్యాత్ములకు కొన్ని సూచనలు.

ముందు చిన్న గది వెతకండి. అక్షరాల అట్టకూ మనిషికీ 6 మీటర్లు ఉండాలంటారు. 4 మీటర్ల గది చాలు. చూపు 6/18 కన్నా మందగిస్తే, అంటే మంచి చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదివే అక్షరం 6 మీటర్ల నుంచి కూడా ఆనకపోతే, పెద్దాసుపత్రికి రాయాలి కదా, అసలు చూపు 6/27 ఉన్న ముసలాయన ఈ గదిలో 6/18 వరస గడగడా చదివేస్తాడు. మందు లేదు, కోత లేదు, గోడ ఒక్కటి దగ్గరికి జరిగిందంతే.

ఒక కన్ను మూయమన్నప్పుడు వేళ్లతో మూసుకోనివ్వండి. అరచేతిని గిన్నెలా పెట్టిస్తే సందుల్లోంచి చూసే వీలు పోతుంది. గట్టిగా ఒత్తుకుంటే ఇంకా మేలు, తర్వాత ఆ కన్ను కాసేపు మసకగా ఉంటుంది. చదువు రానివాళ్ల కోసం ఇంగ్లిష్ 'ఈ' ఎటు తెరుచుకుందో వేలితో చూపించే అట్ట ఉంది. దాన్ని పెట్టెలోనే ఉంచండి. లేనిది చూపో చదువో తేలకపోయినా రిజిస్టర్ నిండుతుంది.

పిన్‌హోల్ అనేదొకటుంది. నల్ల అట్టకు మిల్లీమీటరు పైచిలుకు బెజ్జం, అంతే. అందులోంచి అక్షరం తేటపడితే అద్దాలతో సరిపోతుంది. తేటపడకపోతే మోతిబిందో (శుక్లం), కంటి వెనక పొర జబ్బో చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అందుకే బడ్జెట్‌లో పద్దూ లేదు. పద్దు లేని వస్తువు కొనడం ఎలా?

ముహూర్తం మాత్రం పత్తి ఏరే రోజుల్లోనే పెట్టండి. అత్తను బస్సెక్కించుకుని నల్లగొండ దాకా తోడుపోవాలంటే కోడలికి కూలి పోతుంది. కోడలు రానంటుందని అత్త అడగనే అడగదు. "ఇంకెన్నేండ్లు బతుకుత బిడ్డా, నాకెందుకు" అంటుంది. రిజిస్టర్‌లో 'రోగి నిరాకరించారు' అని రాసుకోండి. మోతిబిందు ముదిరితేనే తియ్యాలన్న పాత మాటను కూడా ఖండించకండి. ముదిరి గట్టిపడితే తియ్యడం కష్టమనీ, ఉబ్బితే కంట్లో ప్రెజర్ పెరుగుతుందనీ డాక్టర్లు అంటారు. వాళ్లు అట్లాగే అంటారు.

ఎవరైనా ఆపరేషన్ దాకా వెళ్తే అది పావుగంట పని. లోపలి లెన్స్ పవర్ కోసం నల్లగుడ్డు వంపూ కంటి పొడవూ కొలవాలి. మిషన్ పాడైందా, అందరికీ 21 పవర్ లెన్సే పెట్టి సమానత్వం చాటండి. తర్వాత నెల పైన చుక్కలు వెయ్యాలి, మెల్లగా తగ్గించుకుంటూ. సీసా మూతి కంటికి తగలకూడదని లేబుల్ మీద ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చూపు బాగైతే చదువుకోవచ్చు.

ఆ లెన్స్ దూరపు చూపుకే. బియ్యంలో రాళ్లు ఏరాలంటే ప్లస్ 2.5 అద్దాలు కావాలి. ఉన్నాయి, ఎందుకు లేవు? అద్దాలు పెట్టెలో ఉన్నాయి, పెట్టె పీహెచ్‌సీలో ఉంది, తాళం చెవి లీవులో ఉంది.