17 శాతం తేమకు ఏ టైరు?

కార్తీక మాసం వచ్చిందంటే నల్లగొండలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. నిరుడు స్వెటర్లు ఏ బీరువాలో దాచాం? ఈసారి చలికి, ముసురుకు సైకిల్‌కు ఏ టైరు వేయాలి? మొదటిదానికి ఇంట్లో ఎవరో ఒకరు జవాబు చెబుతారు. రెండోదాన్ని పట్టించుకునే నాథుడు లేడు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా రోడ్ల గురించి మాట్లాడేవాళ్ళే తప్ప టైరు పక్షాన నిలబడేవాళ్ళు కనిపించరు. కాబట్టి ఆ భారం నా నెత్తిన వేసుకుంటున్నాను.

ఈ మధ్య మన పట్నంలో కొత్త సైకిల్ వర్గం ఒకటి పుట్టింది. పాడి బర్రె ధర పెట్టి గేర్ల సైకిల్ కొంటారు. తెల్లారకముందే గడియారం సెంటర్‌లో కలుసుకుని పానగల్లు దాకా పోతారు, చెరువు కట్ట మీద ఫొటో దిగుతారు, ఇడ్లీ తిని వస్తారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా వాళ్ళు రాత్రిపూట చూసే వీడియోలతోనే. ఫిన్లాండ్‌లో ఊలు అనే నగరం ఉంది. అక్కడ గడ్డకట్టిన దారుల మీద బడి పిల్లలు కూడా సైకిల్ తొక్కుతారు. చలికాలం సైకిల్ సవారీ మీద 2013లో ఆ ఊళ్ళో అంతర్జాతీయ సదస్సే పెట్టారు. అలాంటి చోట్ల వాడే టైర్ల రబ్బరులో చిన్న చిన్న లోహపు మేకులు దిగేసి ఉంటాయి, కొన్నింటికి వందల్లో. ఐసు మీద పట్టు ఇచ్చేవి అవే. వీడియో చూసిన మరునాడే మన వర్గంలోని ఒక సారు బజారుకు బయల్దేరాడు.

"అన్నా, వింటర్ టైర్లు ఉన్నయా?"

"చలికాలానికి టైరెందుకు సారూ, మఫ్లర్ కట్టుకోండ్రి."

నేను షాపతని పక్షమే. శాస్త్రం కూడా అతని పక్షమే. కార్లకు చలికాలం టైర్లు చేసేవాళ్ళు మామూలుగా 7 డిగ్రీల దగ్గర గీత గీస్తారు. అంతకంటే చలి పెరిగితే మామూలు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుందని వాళ్ళ లెక్క. మనకు తెల్లవారుజామున 15 డిగ్రీలు అయ్యేసరికే చెవులకు మఫ్లర్, వీధి మూల చలిమంట, పేపర్లో "చలి పంజా" అన్న శీర్షిక.

నిజానికి నల్లగొండలో చలికాలపు టైరు భవిష్యత్తు మే నెలలోనే తేలిపోతుంది. ఎండలో గోడకు ఆనించి వదిలేసిన సైకిల్ రబ్బరు ఎండి పెళుసెక్కి, టైరు పక్కల సన్నటి పగుళ్ళు వస్తాయి. డిసెంబర్‌కల్లా వాటిలోంచి దారాలు తొంగిచూస్తాయి. అప్పుడు అందరం కలిసి నేరాన్ని చలి మీద వేస్తాం. కొత్త టైరు కొనేటప్పుడు కూడా షాపు ముందు ఎండకు వేలాడే దాన్ని కాకుండా లోపల అటక మీది దాన్ని అడగండి. దుమ్ము ఉంటుంది, ఫర్వాలేదు. పక్కలు వేళ్ళతో వంచి చూసి, పగుళ్ళు లేకపోతే తీసుకోవచ్చు. సైజు దగ్గర మాత్రం పైలం. పాత నల్ల సైకిల్ 28 × 1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. గేర్ల సైకిల్ 700సి రిమ్ముది 622. దాన్నీ కొందరు ఇరవై ఎనిమిదే అంటారు. ఆ 13 మిల్లీమీటర్ల దగ్గర ఎందరి స్నేహాలు చెడ్డాయో షాపువాళ్ళను అడగండి.

ఇక వాన. గీతలు ఎంత లోతుగా ఉంటే తడి రోడ్డు మీద అంత పట్టు అని మనకో గట్టి నమ్మకం. కారు టైరుకు అది నిజమే. వెడల్పు టైరు కింద నీళ్ళు పక్కకు పోవడానికి దారి కావాలి, లేకపోతే వేగం మీద టైరు నీళ్ళపై తేలుతుంది. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కనుక నీళ్ళను అదే పక్కకు తోసేస్తుంది. విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి నాసా వాళ్ళు ఒక సూత్రం చెప్పారు. టైరు తేలే వేగం అందులోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 50 పౌండ్ల గాలి కొట్టిన టైరు నీళ్ళ మీద తేలాలంటే గంటకు 110 కిలోమీటర్లు దాటాలి. ఇడ్లీ కోసం పానగల్లు పోయే సారుకు ఆ వేగం రావాలంటే ఊళ్ళో కుక్కలన్నీ వెంటపడినా సరిపోదు.

తారు రోడ్డు మీద పట్టు వచ్చేది మెత్తటి రబ్బరు రోడ్డు గరుకులో ఇమడటం వల్ల. అంటే గరుకు ఉండాల్సింది రోడ్డుకు. ఈ సూత్రాన్ని అందరికంటే ముందు గ్రహించినవాళ్ళు మన రోడ్లు వేసే పెద్దలే. మనం టైరు మీద గీతలు లెక్కపెట్టుకుంటుంటే వాళ్ళు రోడ్డుకే గుంతలు పెట్టించి చూపించారు. అపార్థం చేసుకుని మనమే ధర్నాలు చేశాం.

రబ్బరు గుబ్బలు తేలిన బటన్ టైరు పనికొచ్చే చోటు లేకపోలేదు, అది మట్టి బాట. అక్కడ కూడా ఎర్ర చెలకలోనే దాని వైభవం. తడిసిన నల్లరేగడిలోకి దించారంటే మట్టి టైరును పట్టుకుని పైకెక్కి, మడ్‌గార్డు కింద చేరి, చక్రాన్ని తిరగనివ్వదు. బటన్లు ఎంత లోతైతే మట్టి అంత ఎక్కువ. అక్కడి నుంచి ఊరి దాకా సైకిలే మన మీద సవారీ చేస్తుంది.

పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. తడి కాలంలో గాలి కొంచెం తగ్గించుకోవడం. టైరు కాస్త వెడల్పుగా నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే గుంతలో రిమ్ము తగిలి ట్యూబుకు జంట బెజ్జాలు పడతాయి, అది వేరే సంగతి. కానీ ఈ సలహా మన జిల్లాలో చెల్లదు. టైరు నొక్కితే బొటనవేలు దిగడం మనకు నామోషీ. "ఇంకో నాలుగు కొట్టు" అనకుండా గాలి కొట్టించుకుని పోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

వానలో పంచర్లు కూడా ఎక్కువే. తడి రబ్బరులోకి గాజుపెంకు సులువుగా దిగుతుంది. పైగా వరద నీరు రోడ్డు పక్కనున్న చెత్తనంతా మధ్యకు తెచ్చి పెడుతుంది, అందులో సర్కారు తుమ్మ ముళ్ళదే పెద్ద వాటా. పంచర్ షాపు దగ్గర ఓపిగ్గా నిలబడి చూడండి. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి కొద్దికొద్దిగా జరుపుతాడు. బుడగలు లేచిన చోట వేలు పెట్టి, తుడిచి, గీకి, సొల్యూషన్ రాసి, ఆరాక ప్యాచ్ అంటిస్తాడు. తెలియని సారు అక్కడికి పని అయిపోయిందనుకుని జేబులో చెయ్యి పెడతాడు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. టైరు లోపల బొటనవేలు ఆనించి మెల్లగా చుట్టూ నడిపిస్తాడు. ముల్లు పైన విరిగిపోయి ఉంటుంది, మొన మాత్రం లోపల నక్కి ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగేస్తేనే ప్యాచ్‌కు ఆయుష్షు. రబ్బరు కింద ముల్లు దిగకుండా గట్టి పొర వేసిన టైర్లు వస్తున్నాయి. ఖరీదైన టైరులో డబ్బు పెట్టదగ్గ గుణం ఏదైనా ఉంటే నా లెక్కలో అదొక్కటే.

బ్రేకుల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు రబ్బరు ముందు నీళ్ళు తుడిచి, ఆ తర్వాతే బండిని ఆపడం గురించి ఆలోచిస్తుంది. ఈలోపు మనల్ని ఆపేది హవాయి చెప్పు. కాబట్టి గీతలు లోతుగా ఉన్నాయో లేదో చూసి కొనాల్సింది చెప్పులనే.

ఇంతా చెప్పాక అసలు గండం దగ్గరికి వస్తున్నాను. నవంబర్‌లో సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు పోయి చూడండి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. అంచున వరసగా రాళ్ళు, పక్కన వానొస్తే కప్పడానికి మడిచిన టార్పాలిన్ పట్టాలు. కోత మిషన్లు వచ్చాక వడ్లు పచ్చిగానే చేతికొస్తున్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పేచీ. అందరికీ కల్లాలు లేవు. రైతు ఎక్కడ ఆరబోయాలి? గుంతల్లేని రోడ్డు ముక్క చూసుకుని అక్కడే పోస్తాడు. సైకిల్‌కు గుంతల ముక్క మిగులుతుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం లేస్తుంది. చలి, వాన, వడ్లు ఒకే రోజు రోడ్డెక్కుతాయి.

వడ్ల మీదికి సైకిల్ ఎక్కిందంటే గింజలు బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. ముందు బ్రేకు పట్టామా, అంతే సంగతులు. హ్యాండిల్ తిప్పినా అంతే. నిటారుగా కూర్చుని, తొక్కడం ఆపి, భారం దేవుడి మీద వేసి దాటాలి. అలా దాటుతుంటే, కాళ్ళతో వడ్లు తిరగేస్తున్న ముసలామె ఊరుకోదు.

"ఓ బిడ్డా, జర పక్కకెళ్లి పో! వడ్లు నూకలైతయ్!"

"పక్కన లారీలొస్తున్నయ్ అవ్వా!"

"లారీకి చెప్తే ఇంటదా? నువ్వైతే ఇంటవు."

ఈ వాదానికి జవాబిచ్చే టైరు ఇంకా తయారు కాలేదు. వడ్లు ఎత్తుకుపోయాక కూడా చీకట్లో ఆ రాళ్ళు అక్కడే ఉంటాయి. వాటికీ టైరు లేదు, మంచి లైటే దిక్కు.

కాబట్టి టైరు కంపెనీలకు నా విన్నపం. మంచు మీద, ఐసు మీద, తడి తారు మీద పరీక్షలు చేశారు, సంతోషం. 17 శాతం తేమ ఉన్న దొడ్డు వడ్ల మీద ఒకటి, సన్నాల మీద ఒకటి చేసి ఫలితం టైరు పక్కన అచ్చు వేయండి. సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు కనుక వాటి మీద జారిపడటం కొంచెం గౌరవంగా కూడా ఉంటుంది. సర్కారుకు ఇంకో విన్నపం. కొనుగోలు కేంద్రాల్లో తేమ మీటరు దగ్గర రోజూ గొడవే కదా, పక్కనే ఒక సైకిల్ పెట్టించండి. రైతుకు, కేంద్రం వాళ్ళకు లెక్క కుదరనప్పుడు మీటరు పట్టుకున్న సారును ఎక్కించి వడ్ల మీద తోలించాలి. సారు పడ్డాడా, వడ్లు ఎండినట్టు, కాంటా వేయాల్సిందే. నిలబడ్డాడా, ఇంకో పూట ఆరబోయాలి. మోకాళ్ళకు పట్టీలు మాత్రం ఆ శాఖే ఇవ్వాలి, రైతు ఖాతాలో కోయకూడదు.