పారీఖత్తు గారికి ఇంటి ఆడపడుచు రాయు లేఖ

పారీఖత్తు గారూ,

ఆయ్, కులాసాయేనా అండీ? నాన్న పెద్దకార్యం అయిన మర్నాడే మా మండువాలోకి వేంచేశారు. పెద్దమనుషులు కాఫీలు తాగుతూ ఆస్తి పంపకాల కాగితంగా మిమ్మల్ని రాయించారు. లాయరు లేడు, వాయిదా లేదు, ఒక్క పూటలో ఎనిమిదెకరాలు తేల్చేశారు. మీ సత్తా కాదనను.

మీ రాతలో నాకు బాగా నచ్చింది ఆ భూతకాలం. మావాళ్లు పంచుకున్నది ఆ పూటే. మీలో మాత్రం "ఇదివరకే నోటిమాటగా పంచుకుని, ఎవరి భాగం వారు అనుభవిస్తున్నందున, జ్ఞాపకార్థం రాసుకున్న జాబితా" అని ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం భూమిని పంచే కాగితం రిజిస్టరు కావాలి. ఎప్పుడో జరిగిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకుంటే అక్కర్లేదు. ఆ సందులోంచి ఊరు ఊరంతా దూరిపోతోంది. ఎప్పుడు పంచుకున్నారయ్యా అంటే నాన్న ఉండగానేనట. పాపం, ఆయనకు తెలియదు. చివరి దింపు కొబ్బరికాయల డబ్బులు కూడా ఆయనే లెక్కపెట్టుకున్నారు.

మీ ఓపికకు దండం. కాలువ పక్క చేను అన్నయ్యకు, శివారు చేను, చేపల చెరువు తమ్ముడికి. నీళ్లు పారే బోదె, బళ్లు నడిచే పుంత ఉమ్మడి. తుపానుకు ఒరిగి, మొదలు అన్నయ్య గట్టున, తల తమ్ముడి చేలో పెట్టిన కొబ్బరిచెట్టుకైతే నాలుగు వాక్యాలు. కాయలెవరివి, మట్టలెవరివి, పడిపోతే దుంగ ఎవరిది అని. అక్కకూ నాకూ కలిపి ఒక్క వాక్యం: "ఆడపిల్లలకు పసుపుకుంకాల కింద లోగడ ముట్టినందున ఏ హక్కూ లేదు." అమ్మకు ధాన్యం బస్తాలు, కొడుకుల ఇళ్లలో నెలల వంతులు.

వీలునామా రాయకుండా పోయినవాళ్ల స్వార్జితంలో భార్యకూ, కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా 1956 నుంచే ఉందండీ. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985లో హక్కిచ్చింది. 2005లో దేశమంతటా పెళ్లయినవాళ్లకూ వచ్చింది. అప్పటికి తండ్రి బతికుండాలా అన్న మెలికను 2020లో సుప్రీంకోర్టు తీసేసింది. ఇవన్నీ ధవళేశ్వరం దగ్గర ఏ లాకులోనో ఆగిపోయినట్టున్నాయి, మా ఊరి కాలువలోకి దిగలేదు.

ఇంతకీ విషయం ఏమిటంటే, చెరువు మీద లోను కోసం తమ్ముడు బ్యాంకుకు వెళ్తే మీరు చెల్లరన్నారట. రిజిస్టరైన కాగితం కావాలట, వారసులందరి సంతకాలూ కావాలట. ఆ సాయంత్రమే అన్నదమ్ములిద్దరూ మా ఇంటికొచ్చారు. ఆత్రేయపురం పూతరేకులు, పట్టుచీర, పెన్ను. చీర బాగుంది, ఉంచుకున్నాను. పెన్ను తిరిగిచ్చేశాను.

నేనూ కోర్టుకెక్కనండీ. అదే మండువా, అదే పెద్దమనుషులు, కాఫీ నేనే పెడతాను. కాకపోతే ఈసారి అమ్మ, అక్క, నేను కూడా కూర్చుంటాం. భాగపరిష్కార దస్తావేజు వర్తమానకాలంలో రాసి సబ్ రిజిస్ట్రారు దగ్గర పెడదాం. నా వాటాకు శివారు చేనైనా ఫర్వాలేదు, బోదె నీళ్ల వంతు ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది మాత్రం రాయించండి.

ఇట్లు,
మీ మూడో పేజీలోని ఒక్క వాక్యంలో సగం