ఇంటిపేరు ఒక్కటే చూస్తే ఎలా?

మహబూబ్‌నగర్ బీజేపీ ఎంపీ డీకే అరుణ ప్రస్తావన వస్తే చాలు, మా వైపు అందరిదీ ఒకటే మాట: "ఆమెకేం, పుట్టినిల్లూ మెట్టినిల్లూ రాజకీయమే!" అబద్ధమేమీ కాదు. తండ్రి చిట్టెం నర్సిరెడ్డి మక్తల్ ఎమ్మెల్యే. బావ డీకే సమరసింహారెడ్డి మంత్రిగా చేసినవారు. గద్వాలలో డీకే అన్న రెండక్షరాల బరువు నడిగడ్డ (కృష్ణా, తుంగభద్రల నడిమి గద్వాల ప్రాంతం) వాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా ఆ ఒక్క మాటతో ఆమె కథ ముగించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2005 ఆగస్టు 15 నాకు బాగా గుర్తు. బడిలో జెండా ఎగరేశాక పంచిన బిళ్లలు చప్పరిస్తూ ఇంటికొచ్చాను. నారాయణపేటలో నర్సిరెడ్డిని, ఆయన కొడుకు వెంకటేశ్వర్ రెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారన్న వార్త ఊరంతా పాకింది. నాయనమ్మ పొయ్యి మీది గిన్నె దించేసి గడపలో కూలబడింది. "తండ్రీ తోడబుట్టినవాడూ ఒక్క పూటలోనే... ఆ ఆడబిడ్డ ఎట్లా తట్టుకుంటుందో" అని పదే పదే అంది. రెండు రోజులకే ప్రభుత్వం మావోయిస్టు పార్టీని నిషేధించింది.

అప్పటికి అరుణ గద్వాల ఎమ్మెల్యే. అంతకు ముందు ఏడాదే సమాజ్‌వాదీ పార్టీ గుర్తు మీద గెలిచారు. ఆ దెబ్బకు రాజకీయాలకు దండం పెట్టి ఇంట్లో కూర్చున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె కూర్చోలేదు. 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు, 2014లోనూ గెలిచారు. 2018లో సొంత గద్వాలే ఓడించింది. 2019లో బీజేపీలో చేరి మహబూబ్‌నగర్ లోక్‌సభకు నిలబడితే మళ్లీ ఓటమి. 2024లో అదే స్థానంలో గెలిచింది 4,500 ఓట్ల తేడాతో. ఇంటిపేరే ఓట్లు రాల్చేదైతే ఇన్ని ఎదురుదెబ్బలెందుకు? పార్టీలు మారడం నాకూ నచ్చలేదు, అది వేరే విషయం. వెంకటేశ్వర్ రెడ్డి కూతురు పర్ణికారెడ్డి 2023లో నారాయణపేట నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచారు. మేనత్తది ఒక జెండా, మేనకోడలిది ఇంకో జెండా.

నా బాధ వేరే ఉంది. మా చిన్నమ్మ ఐదేళ్లు సర్పంచ్. గ్రామసభలో కుర్చీ మీద చిన్నాన్న, తలుపు పక్కన చిన్నమ్మ. సంతకం అవసరమైనప్పుడే ఆమెను పిలిచేవారు. వీధి కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, ఏ ఇంటికి పింఛను ఆగిందో ఆమెకు తెలిసినంత ఆయనకు తెలియదు. కానీ అడిగినవారు లేరు. అండగా నిలిచే ఇంటిపేరు లేని ఆడవాళ్లకు మన రాజకీయం ఇచ్చే చోటు ఇప్పటికీ ఆ తలుపు పక్కనే.

అందుకే "వారసురాలు" అని అరుణ గారిని తిట్టడం కంటే, ఆమెను గట్టిగా అడగడం మేలంటాను. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల సాగునీటి పథకం గురించి ఎలాగూ అడుగుతాం, అడగాలి. దాంతో పాటు ఇదీ అడగాలి: చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే చట్టాన్ని 2023లోనే పార్లమెంటు ఆమోదించింది, దాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. కేంద్రంలో ఉన్నది మీ పార్టీయే కదా, ఆ ముడి త్వరగా విప్పించండి అమ్మా. మా చిన్నమ్మకు ఇప్పుడు యాభై రెండేళ్లు. ఊరి లెక్కలన్నీ ఇంకా ఆమె నోటిమీదే ఉన్నాయి.