వెండిని తోమకండి, పెట్టెను మార్చండి

నల్లబడ్డ వెండి కనిపిస్తే మన చెయ్యి ఊరుకోదు. ఇంట్లో విభూతి, చింతపండు, మ్యూజియంలో పాలిష్. మ్యూజియంలో చేసే ప్రతి పాలిషూ ఓటమే అంటాను నేను. ఆ నలుపు బయటి మురికి కాదు, గాలిలోని గంధక వాయువులతో కలిసిన వెండే. దాన్ని తుడిస్తే వెండీ పోతుంది. మా అమ్మమ్మ కుంకుమ భరిణె మూత మీద చిలక ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి ముక్కూ, ఒక రెక్క అంచూ మిగిలాయి. పండగ పండక్కీ తోమిన తోముడుకే మిగతా చిలక అరిగిపోయింది.

మరి కరీంనగర్ వెండి తీగపని మాటేమిటి? సన్నటి తీగలు మెలిపెట్టి అల్లిన ఆ సందుల్లో పాలిష్ ముద్ద ఇరుక్కుని తెల్లగా గట్టిపడుతుంది. పొడిచి తీయబోతే తీగే వంగుతుంది. లోహపు వస్తువులో వెండి పొదిగే బిద్రీ పని సంగతి ఇంకా నాజూకు. అక్కడ వెండి పక్కనున్న నలుపు కళాకారుడు కావాలని తెచ్చిన నలుపు. తొందరపడి రుద్దితే అదే పోతుంది.

చాలాసార్లు దొంగ వస్తువును ప్రదర్శనకు ఉంచిన అద్దాల పెట్టెలోనే ఉంటాడు. వస్తువు కింద ముచ్చటగా పరిచిన ఉన్ని గుడ్డ, తలుపు అంచు రబ్బరు, కొన్ని జిగుర్లు, రంగులు గంధకాన్ని వదులుతూనే ఉంటాయి. వెండి గ్లాసులకు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో దాచినవాళ్లు ఆ నల్లగీతను చూసే ఉంటారు. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో చెప్పిన పరీక్ష ఇందుకే: పెట్టెలో వాడబోయే సరుకు ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో కాస్త తడి ఉన్న గాజు గొట్టంలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచాలి. వెండి రేకు నల్లబడితే ఆ సరుకు వెండి దగ్గరికి రాకూడదు. ఆపైన గాలి చొరబడని పెట్టె, తేమ తక్కువగా ఉంచడం, వాయువులను పీల్చే యాక్టివేటెడ్ చార్‌కోల్. పీల్చే శక్తి అయిపోగానే దాన్ని మార్చాలి.

నల్ల గిన్నెలు చూడటానికి జనం టికెట్ కొంటారా అని అడుగుతారు. కొనరు, వెండి మెరవాల్సిందే. నిపుణుల చేత ఒక్కసారి సున్నితంగా శుభ్రం చేయించి, ఆ మెరుపును పెట్టెలో కాపాడమనే నా వాదన. వెండి మీద వార్నిష్‌లా వేసే లాకర్ పూత చాలదా అంటే, పలచబడ్డచోటల్లా మచ్చలు పడతాయి.

హైదరాబాద్‌లో ఇది పెట్టెతో ఆగదు. సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డునే ఉంది. నిజాం రజతోత్సవ కానుకలున్న పురానీ హవేలీ కూడా అక్కడికి దగ్గరే. మురుగు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్, వెండిని నల్లబరిచే వాయువే. మన ముక్కుకు అందనంత కొద్దిగా ఉన్నా వెండికి చాలు. అందుకే మూసీ ప్రక్షాళన అంటే లైట్లు, నడకదారులు అని సరిపెడితే నేను ఒప్పుకోను. ముందు మురుగు ఆగాలి. అంతవరకూ ఒడ్డునున్న మ్యూజియంలు చేయగలిగింది ఒకటుంది. ప్రతి పెట్టెలో మెరుగుపెట్టిన చిన్న వెండి రేకు ఉంచి, ఎన్నాళ్లకు నల్లబడిందో రాసి, ఆ లెక్కను గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి.