గద్దను తిట్టేముందు మీ దొడ్డి మీద ఏముందో చూసుకోండి

కోడిపిల్లను గద్ద తన్నుకుపోయిందని ఒకరు పోస్టు పెట్టడం, కింద పదిమంది చేరి ఎయిర్ గన్ కొను అన్నా అనో, చచ్చిన పిల్లకు పురుగుమందు గుళికలు కలిపి డాబా మీద పెట్టక్కా అనో సలహాలివ్వడం. ఈమధ్య విజయవాడ చుట్టుపక్కల ఇళ్లలో నాటుకోళ్లు పెంచేవాళ్ల గ్రూపులన్నిటిలో ఇదే తంతు. చదివీ చదివీ విసుగొచ్చి రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. పైన వల లేకుండా రెండు నెలలు కూడా నిండని పిల్లల్ని ఆరుబయట వదిలేసినవాళ్లకి గద్దను తిట్టే హక్కు లేదు. దాని కళ్లు పైనుంచి అంతా చూస్తాయి, దాని కడుపు అది చూసుకుంటుంది. మన పిల్లల్ని మనం చూసుకోవాలి.

ముందు ఆ ఎయిర్ గన్ వీరుల సంగతి. గద్దలు, డేగలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న పక్షులు. చంపడం ఒక్కటే నేరం అనుకుంటున్నారేమో, ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా, గూడు పడగొట్టినా, గుడ్లు పగలగొట్టినా ఆ చట్టం లెక్కలో వేటే. జైలు దాకా వెళ్తుంది వ్యవహారం. చట్టం సంగతి పక్కన పెట్టినా, డాబా మీద పెట్టిన గుళికలు గద్దే తినాలని రాసిపెట్టి ఉందా? ముందు కాకి తింటుంది, తర్వాత పిల్లి, దాన్ని పీకిన వీధికుక్క. ఆ కాకి వెళ్లి పక్కింటివాళ్ల నీళ్ల తొట్టిలో పడితే అప్పుడేం చెబుతారు? పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే ఒక్క నొప్పుల మందుతో, ఆ కళేబరాలు తిన్న రాబందులు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోయాయి, 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పుడు గద్దల వంతా? పొలాల్లో, కాలువ గట్ల మీద ఎలుకల్ని తినేది అవే కదండీ.

ఇంకో విషయం. పోయిన ప్రతి పిల్లా గద్ద ఖాతాలోకే వెళ్తోంది. అసలు దొంగ ఎవరో చూడనే చూడరు. పుట్టి రెండు మూడు రోజులైన పిల్లల్ని ఎత్తుకుపోవడంలో కాకి ఏమీ తక్కువ తినలేదు, గుడ్లు కూడా వదలదు. రాత్రిపూట పిల్లలు పోతే అది గద్ద పని కానే కాదు, చీకట్లో గద్ద వేటాడదు. గుడ్లగూబ కావచ్చు, పిల్లి కావచ్చు, గూడు కింద మట్టి తవ్వి ఉంటే పందికొక్కు కావచ్చు. పట్టపగలు పొద చాటునుంచి వచ్చి మెడ కొరికేసి పోయేది ముంగిస. ఇవన్నీ చేసిన పాపం పైన తిరిగే ఒక్కదాని నెత్తిన రుద్దేస్తున్నాం. మా పక్కింటి పిన్నిగారైతే ఎర్రటి ఒళ్లు, తెల్లటి తల ఉన్న గరుడపక్షి కనిపిస్తే చెంపలేసుకుని దండం పెడతారు, నల్లగద్ద కనిపిస్తే శాపనార్థాలు. అవకాశం దొరికితే ఆ గరుడపక్షి కూడా కోడిపిల్లను వదలదని చెప్తే నా మీదే కోప్పడ్డారు.

సరే, నిజంగా పైనుంచి వచ్చేవాటి గురించి మాట్లాడుకుందాం. మన వైపు ముఖ్యంగా రెండు. ఒకటి నల్లగద్ద. తోక చివర కాస్త చీలినట్టుంటుంది, రెక్కలు చాపితే దాదాపు ఒకటిన్నర మీటరు. ఎండెక్కి వేడిగాలి పైకి లేచాక గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఖాళీ జాగా కనపడితే ఏటవాలుగా దిగి కాళ్లతో పట్టుకుని పోతుంది. చూడ్డానికి అంత పెద్దగా ఉన్నా బరువు కిలో కూడా ఉండదు, కాబట్టి ఎదిగిన పెట్టను ఎత్తుకుపోయిందనే కథలు నాకు చెప్పకండి. రెండోది డేగ, అంటే పావురమంత ఉండే షిక్రా. ఇది ఆకాశంలో చక్కర్లు కొట్టి మనకు కనపడే రకం కాదు. మామిడి కొమ్మల్లోనో వేపచెట్టులోనో నక్కి కూర్చుని, చెట్ల మధ్యనుంచి నేలకు తక్కువ ఎత్తులో దూసుకొస్తుంది. తల్లికోడి అరిచేలోపే పని అయిపోతుంది. ఒకచోట ఈకలు పీకి కుప్పగా పడి ఉంటే డేగ మీద అనుమానపడొచ్చు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఒకదానికి పనిచేసిన ఉపాయం రెండోదానికి పనిచేయదు. దొడ్లో అరటి, మందార, గోరింట లాంటివి దట్టంగా ఉంటే గద్దకి దిగడం కష్టం, పిల్లలకి దూరడానికి చోటుంటుంది. కానీ అదే చెట్టు డేగకి కూర్చునే చోటు. పైన అడ్డదిడ్డంగా తాళ్లు కట్టినా అంతే. గద్ద రెక్కలు పెద్దవి కాబట్టి జంకుతుంది, డేగ మాత్రం సందులోంచి దూరిపోతుంది. తాళ్లంటే గుర్తొచ్చింది, సంక్రాంతికి మిగిలిన మాంజా దారం కట్టమని ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు. చైనా మాంజాని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది బాబూ, పక్షుల రెక్కలే కాదు బండి మీద పోయే మనుషుల గొంతులూ తెగుతున్నాయి దానితో.

ఇక సీడీలు, మెరిసే రిబ్బన్లు, కళ్ల బొమ్మలు, ప్లాస్టిక్ గుడ్లగూబ. నాలుగు రోజులు భయపడతాయి, ఐదో రోజు అలవాటు పడిపోతాయి. అయినా బెంజ్ సర్కిల్ హారన్ల మధ్య, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మీద కూర్చుని పెరిగిన విజయవాడ గద్ద మీ పాత సినిమా సీడీకి బెదురుతుందా? కోడిపిల్లలకి గులాబీ రంగు, ఊదారంగు పూయడం ఊళ్లలో ఉన్నదే. ఆ రంగు కొత్తగా కనిపించి కొన్నాళ్లు గద్ద రాదేమో, దాన్నే నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

పనిచేసేది ఒకటే, పైకప్పు. మొత్తం దొడ్డికి అక్కర్లేదు, పిల్లలు తిరిగే కొంత జాగాకి చాలు. ఎలాగూ రోహిణి కార్తె ఎండలకి కోళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే షేడ్ నెట్ కట్టాల్సిందే కదా, ఆ ఆకుపచ్చ షేడ్ నెట్టే ఫిబ్రవరిలోనే కట్టేయండి. చలికాలం మధ్యనుంచి ఎండాకాలం దాకా గద్దలు, డేగలు పిల్లల్ని సాకే కాలం, గూట్లో నోళ్లు ఎక్కువైతే మన దొడ్డి మీద చూపూ ఎక్కువవుతుంది. సరుగుడు కర్రలు పాతి బిగుతుగా లాగి కట్టాలి, వదులుగా వేలాడితే మొదటి గాలివానకే చిరుగుతుంది. పక్కల నుంచి కోళ్ల జాలీ వేసి, జాలీకి నెట్‌కి మధ్య సందు లేకుండా కుట్టేయాలి. చాలామంది పైన కప్పి పక్కలు వదిలేస్తారు, డేగ వచ్చేది సరిగ్గా అక్కడినుంచే. చవగ్గా వస్తుందని చేపలవాళ్ల దగ్గర పాత సన్నదారం వల తెచ్చి కప్పేవాళ్లున్నారు. అందులో పాములు, పిట్టలు చిక్కుకుని చస్తాయి, మీ కోడిపిల్ల కాళ్లు కూడా చిక్కుతాయి. కంటికి కనపడే లావు దారం వలే కొనండి.

డబ్బుల్లేవంటారా, కోళ్ల గంప ఉంది కదా. మన అమ్మమ్మలు చేసింది అదే, తల్లిని పిల్లల్ని కలిపి గంప కింద మూసి, మనిషి దగ్గరుండగా కాసేపు వదిలేవాళ్లు. తల్లి ఉన్న పిల్లలకి సగం కాపలా అదే చేసిపెడుతుంది, ఒక్క కేక వేస్తే అన్నీ రెక్కల కిందకి దూరతాయి. ఇప్పుడు హేచరీ నుంచి తెచ్చిన పిల్లల్ని తల్లి లేకుండా నేరుగా దొడ్లో వదులుతున్నారు, వాటికి కేకా లేదు, రెక్కా లేదు. పసుల పోలిగాడు, అదే తోక చీలిన నల్లపిట్ట, మీ చెట్టు మీద గూడు పెడితే మాత్రం కదిలించకండి. తనకన్నా ఎంతో పెద్దదైన గద్దని కూడా వెంటపడి తరుముతుంది. జీతం లేని కాపలా.

చివరగా, ఎవరూ మాట్లాడనిది. బందరు కాలువ గట్టు మీద ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూడండి. చికెన్ షాపుల వేస్ట్, పేగులు, ఈకలు, తలకాయలు సంచులకు సంచులు విప్పి పోస్తారు. పైన గద్దలు గుంపులుగా తిరుగుతుంటాయి. మా దగ్గర ఒక కొట్టు కుర్రాణ్ణి అడిగితే "గద్దలకి పెడితే పుణ్యమండీ మేడమ్" అన్నాడు. సోమవారం ఆ పుణ్యం దొరక్క అవన్నీ ఎటు చూస్తాయి, పక్కనే ఉన్న మన దొడ్ల వైపే. గద్దని పిలిచి అన్నం పెట్టి అలవాటు చేసింది మనం, ఇప్పుడు తుపాకీ తెమ్మంటున్నదీ మనమే. గ్రూపులో గద్ద మీద కోపం చూపించేవాళ్లలో ఎంతమంది ఆ సంచుల గురించి కొట్టువాణ్ణి అడిగారు? రేపు కోడి కొనేటప్పుడు ఒక్క మాట అడగండి, ఈ వేస్ట్ ఎక్కడ పోస్తున్నావయ్యా అని. చెత్త బండికి ఇవ్వనంటే కొట్టు మార్చండి.

ఎయిర్ గన్ లింకులు ఈ పోస్టు కింద పెడితే తీసేస్తాను. నెట్ కట్టడంలో ఇబ్బందులుంటే మాత్రం మీ దొడ్డి ఫొటో పెట్టండి, పక్కలు కూడా కనపడేలా.