మా జిల్లాకి రాని స్టేషన్ వ్యాగన్ గారికి

అయ్యా,

కారులాగే కిందకుండి, వెనక పొడుగాటి డిక్కీ మోసే తమరు జర్మనీలో క్షేమమని తలుస్తాను. మేమిక్కడ అంత క్షేమంగా లేము. మొన్న ఆదివారం మేనకోడలికి బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణ కొని, బావమరిది కొత్త ఎస్‌యూవీలో శ్రీకాకుళం తెద్దామనుకున్నాం. ఏడుగురు ఎక్కినా ఇంటెడు సామాను పడుతుందని షోరూం కుర్రాడు నమ్మబలికిన బండి అది. మూడో వరస సీటు లేపితే డిక్కీయే లేదు, మడిస్తే మనుషులు మిగిలిపోయారు. "టాప్ మీద కట్టేద్దామేటి బావా?" అన్నాడు మావాడు. ఒకే పనస దుంగని తొలిచి చేసిన వీణని! చివరికి వీణ బండిలో, నేను రాజాం మీదుగా బస్సులో.

బస్సులో నిలబడ్డంతసేపూ తమరే గుర్తొచ్చారు. తమరి వంశంలో ఆడి ఆర్‌ఎస్6 అవాంట్ అని ఒక మహానుభావుడున్నాడు కదా, 4 లీటర్ల వి8 ఇంజనుకి గాలి ఎక్కించే రెండు టర్బోలు, 600 గుర్రాల బలం, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 3.6 సెకన్లు, ఇంతా చేసి వెనక 565 లీటర్ల డిక్కీ, సీట్లు మడిస్తే 1,680! నెమ్మదిగా పోతున్నప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగు పడుకుంటాయట. మా ఆఫీసులో కూడా అంతే గానీ, అక్కడ మళ్లీ లేవవు. మీ పెద్దాయన ఆర్‌ఎస్2ని 1994లో పోర్షే వాళ్లతో కలిసి చేశారు, అయిదు సిలిండర్లతోనే 315 గుర్రాలు. అదే ఏడు బ్రిటన్ టూరింగ్ కార్ రేసుల్లోకి వోల్వో వాళ్లు 850 ఎస్టేట్‌ని (ఎస్టేట్ అన్నా తమరే) దింపారు. సామాన్ల బండి రేసులో! ఇంతకన్నా పొగరు ఏం కావాలి.

మరి మాకేం తక్కువైందండీ? ఎత్తు కావాలట. ఎత్తులో కూర్చుంటే దర్జా అట. బండి ఎత్తు పెరిగితే బరువంతా పైకి పోయి మలుపులో ఒరుగుతుంది, ఒరగకుండా స్ప్రింగులు బిగిస్తే వెనక కూర్చున్న మా అత్తగారి నడుం పోతుంది, ఆ ఎత్తంతా గాలికి అడ్డం పడి డీజిల్ తాగుతుంది. ఇవన్నీ భరించి సంపాదించిన ఎత్తులో ఒక వీణ పట్టదు! మామూలు కారు పైకప్పునే వెనక దాకా సాగదీస్తే చాలు కదా, కారు కారులాగే తిరుగుతుంది, సామాను సామానులాగే పడుతుంది.

అబ్బే, వినరు. 1992లో తమ వాళ్లలో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలేనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి, టాటా ఇండిగో మెరీనా. "అంబులెన్స్‌లా ఉందిరా" అని ఒక్కొక్కదాన్నీ సాగనంపారు. 2006లో నాలుగు మీటర్ల లోపు చిన్న బండికి పన్ను తగ్గించగానే కంపెనీలు తోక కోసే పనిలో పడ్డాయి.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? రాక రాక 2015లో ఆర్‌ఎస్6 వేషంలో వచ్చి కోటీ ముప్పై అయిదు లక్షలన్నావు. ఎవరికయ్యా? నీ డిక్కీతో అవసరమున్నవాడు ఈఎంఐ లెక్కలు వేసుకుంటుంటే, కొనగలిగినవాడు తన సామాను తను మోసుకుంటాడా? ఇప్పుడేమో నీ తమ్ముడు, ఆ 727 గుర్రాల బీఎండబ్ల్యూ ఎం5 టూరింగ్, బ్యాటరీలు మింగి రెండున్నర టన్నులకి దగ్గర పడ్డాడు. ఎస్‌యూవీలని తిట్టడానికి నాకు మొహమెక్కడుంది?

స్పీడ్ బ్రేకర్లంటే భయమా? రూలు ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తే. కానీ ఇక్కడ ఎవరింటి ముందు వాళ్లు సిమెంటు పోసుకుంటారు, ఒప్పుకుంటాను. ఆర్‌ఎస్6 ఎయిర్ సస్పెన్షన్, అదే గాలి నింపిన స్ప్రింగులు, బండిని 20 మిల్లీమీటర్లు లేపుతాయట, మా రాజాం రోడ్డు దాన్ని చూసి నవ్వుతుంది.

అయినా రా. ఆ గుర్రాల్లో 480ని అక్కడే కట్టేసి 120తో రా. తోలు సీట్లొద్దు, 22 అంగుళాల చక్రాలొద్దు. డిక్కీలో మాత్రం ఒక్క లీటరు తగ్గించకు. అంబులెన్స్ అన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.